కొయ్య పునీతులు, రంగు అద్దాలు



హైదరాబాదు నుంచి నాగపూర్ రోడ్డు మీద వచ్చేవాళ్ళు మెదక్ పోవాలంటే మా చేగుంట దగ్గర ఎడమకు తిరుగుతారు. మెదక్ చర్చికి ఎంత జనం వస్తారో తెలియాలంటే క్రిస్మస్ వారంలో ఆ మలుపు దగ్గర కాసేపు నిలబడితే చాలు. బస్సుల్లో, జీపుల్లో, ఆటోల్లో కుటుంబాలకు కుటుంబాలే కదిలిపోతుంటాయి. అందరూ క్రైస్తవులే అనుకోనక్కర లేదు. మొక్కులున్నవాళ్ళు వస్తారు, ఊరికే ఒకసారి చూసి పోదామని వచ్చేవాళ్ళూ ఉంటారు.

ఆ చర్చి పుట్టుక గురించి మన జిల్లాలో బడిపిల్లలను అడిగినా చెబుతారు. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కరువు రోజుల్లో జనానికి పనీ, తిండీ దొరకాలని కట్టించాడనీ, 1914లో మొదలైన పని పదేళ్ళు నడిచిందనీ, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందనీ, గోపురం 175 అడుగుల ఎత్తనీ గడగడా అప్పజెబుతారు. ఆ కథ మీకు తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. ఆ చర్చిలో లేనిదాని గురించి మాట్లాడతాను.

ఈసారి పోయినప్పుడు చూడండి. అంత పెద్ద గుడిలో మొక్కుకోవడానికి నిలిపిన పునీతుల విగ్రహాలు కనబడవు. విజయవాడలో గుణదల కొండకు పోతే మరియమాత ప్రతిమ ఉంటుంది, దాని ముందు కొవ్వొత్తులు, పూలదండలు, చేతులు జోడించిన జనం ఉంటారు. మెదక్‌లో అలా ఉండదు. అక్కడ కళ్ళను పట్టుకునేవి మూడు రంగు అద్దాల కిటికీలు. బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణం, ఒక పక్క జననం, ఇంకో పక్క సిలువ. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటిని రూపొందించాడు. ఆరోహణం కిటికీ 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. కథంతా అద్దం మీదే, ప్రతిమ మాత్రం లేదు. ఎందుకని?

జవాబు కోసం ఐదువందల ఏళ్ళు వెనక్కి, జర్మనీలో బొమ్మలు చెక్కేవాళ్ళ కార్ఖానాల దాకా పోవాలి.

1450 నుంచి 1530 దాకా, ఇంచుమించు ఇటలీలో లియొనార్డో, మైకెలాంజెలో పనిచేస్తున్న కాలంలోనే, ఆల్ప్స్ కొండలకు ఉత్తరాన చర్చిలన్నీ కొయ్య బొమ్మలతో నిండిపోయాయి. ఇటలీ పేరు చెబితే చలువరాయి గుర్తొస్తుంది. ఉత్తరాదివాళ్ళకు కొయ్యే ప్రాణం. సముద్రం వైపు, అంటే ఫ్లాండర్స్‌లో, ఉత్తర జర్మనీలో, స్వీడన్‌లో ఓక్ చెక్క వాడారు. దక్షిణ జర్మనీలో లిండెన్ చెట్టు చెక్క వాడారు. ఓక్ గట్టిది, ఉలికి ఎదురు తిరుగుతుంది. లిండెన్ మెత్తనిది, నార సన్నగా, సమంగా ఉంటుంది. చీర కుచ్చిళ్ళ వంటి మడతలు, గడ్డంలో ఒక్కో రింగు, చేతి మీద ఉబ్బిన నరం, ఏది కావాలన్నా అందులో తేలుతుంది.

కానీ లిండెన్‌కు ఒక గుణం ఉంది. ఆరేటప్పుడు పగులుతుంది. దుంగ నడిబొడ్డు ఒక తీరుగా, పైభాగం ఇంకో తీరుగా కుంచించుకుపోతాయి. అందుకని శిల్పులు దుంగను నిలువునా చీల్చి, వెనుక వైపు నుంచి నడిబొడ్డునంతా తొలిచేసేవాళ్ళు. ముందు నుంచి చూస్తే నిండు విగ్రహం, వెనక్కి పోయి చూస్తే దోనె. గోడకు ఆనించి పెట్టే బొమ్మ కాబట్టి వెనుక భాగంతో పనిలేదు. చెక్కేటప్పుడు బొమ్మను పడుకోబెట్టి, తల దగ్గర ఒక మేకు, కాళ్ళ దగ్గర ఒక మేకు దిగ్గొట్టి బిగించి, అటూ ఇటూ తిప్పుకుంటూ చెక్కేవాళ్ళు. పని అయిపోయాక తల మీద మిగిలిన రంధ్రంలో చిన్న కొయ్యముక్క కొట్టి మూసేసేవాళ్ళు. ఇప్పటికీ మ్యూజియాల్లో కొందరు పునీతుల నడినెత్తిన ఆ ముక్క కనబడుతుంది.

తర్వాత రంగు. చెక్క మీద జిగురు కలిపిన సుద్ద పూతలు పూతలుగా వేసి, నున్నగా రుద్ది, దాని మీద రంగులు, బంగారు రేకు అద్దేవాళ్ళు. ఈ పద్ధతి వింటే మన చేర్యాల నకాశీవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు. వాళ్ళదీ ఇదే తీరు. తేలికైన తెల్ల పొనికి చెక్క తెచ్చి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో రూపం తెచ్చి, తెల్లటి పూత వేసి, ఆ పైన రంగులు దిద్దుతారు. తేడా ఒకటుంది. చేర్యాలలో చెక్కేదీ, రంగు వేసేదీ ఒకే కుటుంబం. జర్మనీలో చాలా పట్టణాల్లో చెక్కేవాడు వేరు, రంగు వేసేవాడు వేరు, బొమ్మలు నిలిపే పెట్టె చేసే వడ్రంగి వేరు. ఎవరి పని ఎవరిదో వృత్తి సంఘాల కట్టుబాట్లు చెప్పేవి.

ఆ శిల్పుల్లో ఒకరి కథ చెబుతాను. పేరు టిల్మన్ రీమెన్‌ష్నైడర్. 1460 ప్రాంతంలో పుట్టాడు. 1483లో వ్యూర్ట్స్‌బర్గ్ పట్టణానికి వచ్చి కూలివాడిగా చేరాడు. రెండేళ్ళకు ఒక కంసాలి వితంతువును పెళ్ళాడి, సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. 1504లో పట్టణ సభలో సభ్యుడయ్యాడు, 1520లో మేయరయ్యాడు. చెక్కపని చేసేవాడికి అంత గౌరవం దక్కింది.

అతని పనుల్లో రోథెన్‌బర్గ్ పట్టణంలోని పవిత్ర రక్త పీఠం ఉంది. పీఠం అంటే ఇక్కడ బలిపీఠం మీద నిలిపే, లోపల బొమ్మలు అమర్చిన పెద్ద కొయ్య పెట్టె. 1501 నుంచి 1505 మధ్య చెక్కాడు. ఆ పెట్టె చేసింది ఎర్హార్ట్ హార్ష్‌నర్ అనే వడ్రంగి. వడ్రంగికి ముట్టిన డబ్బుకూ, బొమ్మలు చెక్కిన శిల్పికి ముట్టిన డబ్బుకూ పెద్ద తేడా లేదు. దృశ్యం కడరా భోజనం. ఆ ఘట్టంలో క్రీస్తునే నట్టనడుమ పెట్టడం అందరూ చేసే పని. ఇక్కడ నడుమ నిలబడింది ఆయన్ని పట్టిచ్చిన శిష్యుడు యూదా. డబ్బు సంచి చేత పట్టుకొని, క్రీస్తు వైపు తిరిగి ఉన్నాడు. క్రీస్తు అతనికే రొట్టె ముక్క అందిస్తున్నాడు. ఇంకో విశేషం, ఆ యూదా బొమ్మను ఊడదీయవచ్చు. తీసేస్తే దాని వెనుక, అప్పటిదాకా కనబడని ఇంకో శిష్యుడు యోహాను క్రీస్తు ఒడిలో తల వాల్చి ఉంటాడు. ఆ పెట్టె వెనుక గోడ కూడా చెక్కది కాదు, గాజు బిళ్ళలు పొదిగిన నిజమైన కిటికీలు. వెనుక నుంచి వెలుతురు వచ్చి బొమ్మల మధ్య తిరుగుతుంది. రంగు లేని చెక్క కాబట్టి పొద్దు మారినకొద్దీ ముఖాలూ మారతాయి.

అవును, రంగు లేదు. రీమెన్‌ష్నైడర్ కొన్ని బొమ్మలకు సుద్ద, బంగారం వద్దనుకున్నాడు. తేనెరంగు పూత ఒకటి వేసి, కనుపాపలకు నలుపు, పెదాలకు కాస్త ఎరుపు మాత్రం దిద్దాడు. ఇప్పటి విమర్శకులు దాన్ని ఎంతో మెచ్చుకుంటారు. అప్పటి ఊరివాళ్ళకు మాత్రం అది మింగుడు పడినట్టు లేదు. మ్యూనెర్‌స్టాట్ అనే ఊరికి అతను మగ్దలేనా మరియ పీఠాన్ని 1492 నాటికి చేసి ఇచ్చాడు. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఊరివాళ్ళు ఇంకొకరికి డబ్బిచ్చి రంగులు వేయించుకున్నారు. ఆ రంగులు వేసిందెవరో కాదు, ఆ కాలపు ఇంకో మహాశిల్పి ఫైట్ ష్టోస్. పోలండ్‌లోని క్రాకోవ్‌లో దాదాపు 13 మీటర్ల ఎత్తు పీఠాన్ని 1477 నుంచి 1489 దాకా చెక్కినవాడు. ఒక వ్యాపారి చేతిలో డబ్బు పోగొట్టుకొని, దాన్ని రాబట్టడానికి దొంగ ముద్రతో పత్రం పుట్టించి, పట్టుబడి, 1503లో రెండు చెంపల మీదా వాతలు పెట్టించుకున్నవాడు. ఆ తర్వాత న్యూరెంబర్గ్ విడిచి, మ్యూనెర్‌స్టాట్‌లో ఉన్న అల్లుడి ఇంటికి చేరాడు. మామగారు ఊళ్ళో ఉన్నప్పుడే ఈ రంగుల పని దొరికింది.

ఊరివాళ్ళు రంగు కోరుకున్నారంటే రసికత లేక కాదు. వాళ్ళకు ఆ బొమ్మతో పని ఉంది. దూరం నుంచి చూసినా, చదువు రాకపోయినా, ఎవరి బొమ్మో గుర్తుపట్టాలి. బుర్జు పట్టుకుంటే బార్బరా, చక్రం ఉంటే కేథరిన్, ఒంటి నిండా బాణాలుంటే సెబాస్టియన్. బట్ట పైకెత్తి తొడ మీద పుండు చూపిస్తూ, పక్కన కుక్కతో నిలబడితే రోక్. ఒక్కొక్కరికీ ఒక్కో బాధ్యత. ఊళ్ళో ప్లేగు దిగితే సెబాస్టియన్‌కు, రోక్‌కు మొక్కుతారు. దారిన పోయేవాడు క్రిస్టోఫర్‌ను తలుచుకుంటాడు. పిడుగుకూ, హఠాత్తుగా వచ్చే చావుకూ బార్బరా అడ్డం నిలుస్తుందని నమ్మకం. గత్తరకు పోచమ్మను, పొలిమేర కాపలాకు పోతరాజును తలుచుకునే ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర లేదు.

ఇక అసలు సంగతి. ఈ బొమ్మలు ఎప్పుడూ కళ్ళ ముందు ఉండేవి కావు. పెద్ద పీఠాలకు తలుపులుండేవి. మామూలు రోజుల్లో మూసి ఉంచి, ఆదివారాలకూ పండుగలకూ తెరిచేవాళ్ళు. న్యూరెంబర్గ్‌లో సెయింట్ లోరెన్స్ చర్చి కప్పు నుంచి ఫైట్ ష్టోస్ చెక్కిన మంగళవార్త దృశ్యం వేలాడుతుంది. ఆంటన్ టూఖర్ అనే పట్టణ పెద్ద చేయించాడు, 1517, 1518ల నాటిది. గులాబీ దండ మధ్య మరియ, గాబ్రియేలు దూత. పండుగ రోజుల్లో తప్ప దానికి గుడ్డ ముసుగు వేసి ఉంచేవాళ్ళు.

కొన్ని బొమ్మలకైతే పనే వేరు. మట్టల ఆదివారం నాడు చక్రాల బండి మీద గాడిదనెక్కిన కొయ్య క్రీస్తును వీధుల్లో లాక్కుపోయేవాళ్ళు. ఆరోహణ పండుగ నాడు క్రీస్తు బొమ్మకు తాడు కట్టి, అందరూ చూస్తుండగా చర్చి కప్పులోని రంధ్రం గుండా పైకి లాగేవాళ్ళు. బొమ్మ పైకి పోయి మాయమయ్యేదాకా జనం తలలెత్తి చూసేవాళ్ళు. మెదక్ చర్చిలో బలిపీఠం వెనుక అద్దం మీద ఉన్నది కూడా ఇదే ఘట్టం. మనం దాన్ని చూస్తాం. వాళ్ళు దాన్ని జరిపించేవాళ్ళు.

మన దగ్గర మందహెచ్చులవాళ్ళు గొల్లల ఊళ్ళలో కాటమరాజు కథ చెప్పడానికి వచ్చినప్పుడు పెట్టె తెరిచి, చేర్యాలలో చేయించుకున్న కొయ్య బొమ్మలను బయటికి తీస్తారు. ఒక్కో పాత్రను చూపుతూ కథ నడుపుతారు. కథ అయిపోతే బొమ్మలు మళ్ళీ పెట్టెలోకే. అలాగే పటం కథలవాళ్ళు పాతబడిన పటాన్ని పారవేయరు, నీళ్ళలో నిమజ్జనం చేస్తారు. కొలుపు కోసం చేసిన బొమ్మకు తెరుచుకునే వేళ ఉంటుంది, మూసే వేళ ఉంటుంది, మర్యాదగా సాగనంపే పద్ధతి కూడా ఉంటుంది. అది అలంకారం కాదు, పనిముట్టు.

తగవు వచ్చిందీ అక్కడే. 1517 తర్వాత జర్మనీలో మత సంస్కరణ మొదలైంది. కొయ్య ముందు మోకరించి, కొయ్యకు కొవ్వొత్తి వెలిగించి, బీదవాడికి పెట్టాల్సిన డబ్బుతో కొయ్యకు బంగారం పూయించడం దేవుడికి ద్రోహం అన్నారు కొందరు. విటెన్‌బర్గ్‌లో ప్రతిమలు తీసిపారేయాలని గొడవ లేస్తే, 1522 మార్చిలో మార్టిన్ లూథర్ స్వయంగా వచ్చి ప్రసంగాలు చేసి, బలవంతం వద్దని ఆపాడు. బొమ్మ ఉంటే ఉండనీ, మనసులో దానికి పూజ లేకపోతే చాలన్నది అతని ధోరణి. స్విట్జర్లాండ్‌లో ఆ మెతకదనం లేదు. 1524లో జ్యూరిక్ చర్చిల్లోని ప్రతిమలన్నీ తీసేశారు. 1529లో బాసెల్‌లో గుట్టలు పోసి కాల్చారు. 1531లో ఉల్మ్ పెద్ద చర్చిలోని పీఠాలు తొలగించారు. 1548లో ఇంగ్లండు ప్రభుత్వం కూడా చర్చిల్లో ప్రతిమలు ఉండరాదని ఆజ్ఞ ఇచ్చింది.

జ్యూరిక్ సంస్కర్త జ్వింగ్లీ ఈ విషయంలో ఒక సూక్ష్మం పట్టుకున్నాడు. కిటికీ అద్దాల మీద ఉన్న బొమ్మలతో తగవు లేదన్నాడు. ఎందుకంటే వాటికి ఎవరూ మొక్కరు. కిటికీ ముందు మోకాళ్ళూనే మనిషి ఉండడు, కిటికీని ఊరేగించేవాడు ఉండడు. కథ చెబుతుంది, వెలుతురు ఇస్తుంది, అంతే. మెదక్ కిటికీలకు మూలం ఈ ఆలోచనలో ఉంది. పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు. ప్రతిమలు తీసేసిన ఇంగ్లండు చర్చి నుంచి పుట్టిన శాఖ అది.  ఆ మిషనరీలు దేశం కాని దేశంలో గుడి కట్టినప్పుడు క్రీస్తు కథను జనానికి చూపాలి, జనం ఆ బొమ్మకే మొక్కకుండానూ ఉండాలి. రెండు పనులూ చేసిపెట్టేది రంగు అద్దమే.

మరి ఆ కొయ్య పునీతులు ఏమయ్యారు? చెక్కినవాడి సంగతి ముందు చెబుతాను. 1525లో జర్మనీ రైతులు తిరగబడ్డారు. వ్యూర్ట్స్‌బర్గ్ బిషప్పే ఆ పట్టణానికి పాలకుడు. రైతుల మీద అతనికి సాయపడడానికి పట్టణ సభ ఒప్పుకోలేదు. ఆ సభలో రీమెన్‌ష్నైడర్ ఉన్నాడు. రైతులు ఓడిపోయాక అతన్ని మారియెన్‌బర్గ్ కోటలో ఖైదు చేసి హింసించారు, ఆస్తి లాక్కున్నారు. చేతులు విరిచేశారని తర్వాత కథలు పుట్టాయి కానీ నాటి కాగితాల్లో ఆ మాట లేదు. విడుదలయ్యాక చెప్పుకోదగ్గ పని అతనికి దొరకలేదు. 1531లో చనిపోయాడు. జనం పూర్తిగా మరచిపోయారు. 1822లో వ్యూర్ట్స్‌బర్గ్ పెద్ద చర్చి పక్కన తవ్వుతుంటే అతని సమాధి రాయి బయటపడ్డాకనే ఇలాంటివాడు ఒకడు ఉండేవాడని మళ్ళీ తలుచుకున్నారు. ఇవాళ అతని శిల్పాలు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న మ్యూజియం ఎక్కడుందో తెలుసా? అతన్ని ఖైదు చేసిన ఆ మారియెన్‌బర్గ్ కోటలోనే.

ఇక బొమ్మలు. సంస్కరణవాదులంతా వాటిని తగలబెట్టారనీ, కేథలిక్కులు కాపాడారనీ అనుకుంటాం. చాలాచోట్ల జరిగింది దానికి తలకిందులు. యూదా బొమ్మ ఉన్న రోథెన్‌బర్గ్ చర్చి లూథరన్‌లది. న్యూరెంబర్గ్ సెయింట్ లోరెన్స్ చర్చీ వాళ్ళదే. మరియ, గాబ్రియేలుల మీద గుడ్డ కప్పేశారు కానీ విరగ్గొట్టలేదు. 1817లో తాడు తెగి కిందపడి ముక్కలైతే, ఓపిగ్గా అతికించి మళ్ళీ వేలాడదీశారు. క్రెగ్లింగెన్ అనే చిన్న ఊరి బయటి గుడిలో రీమెన్‌ష్నైడర్ చెక్కిన మరియమాత పీఠానికి సంస్కరణ వచ్చాక తలుపులు వేసేశారు. మూడువందల ఏళ్ళు అలాగే ఉండిపోయి, 1832లో తెరిస్తే దుమ్మూ ధూళీ తగలని బొమ్మలు కనబడ్డాయి. కేథలిక్కు పట్టణమైన వ్యూర్ట్స్‌బర్గ్‌లోనేమో, పెద్ద చర్చికి అతను చేసి ఇచ్చిన ప్రధాన పీఠాన్ని 1700 ప్రాంతంలో పీకేశారు. పాతబడింది, కొత్త ఫ్యాషన్‌ది కావాలన్నారు.

దీనికి కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. మొక్కేవాళ్ళకు బొమ్మ పనిముట్టు, కాబట్టి కాలానికి తగ్గట్టు మార్చుకుంటూ పోతారు. మన ఊళ్ళలో పాత పోచమ్మ గుడి తీసి గ్రానైటుతో కొత్తది కట్టేది కూడా భక్తి లేనివాళ్ళు కాదు. మొక్కడం మానేసినవాళ్ళకు దాన్ని మార్చాల్సిన అవసరమే రాదు. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తారు. కొయ్య పునీతుల్లో చాలామంది ఈ వదిలేయడం వల్లే బతికారు.

అందుకే మ్యూజియంలోనో, ప్రదర్శనలోనో దేవుడి బొమ్మ కనబడితే ఎవరు చెక్కారు, ఎన్నేళ్ళది అని అడగడంతో ఆగకండి. జనం దీనితో ఏం చేసేవాళ్ళు, ఎప్పుడు తెరిచేవాళ్ళు, ఎవరు మోసేవాళ్ళు అని కూడా అడగండి. చేర్యాల పోతే బొమ్మ కొని ఊరుకోకుండా దానితో కథ చెప్పేవాళ్ళ ఊసు ఎత్తండి. మెదక్ చర్చికి మాత్రం పొద్దు ఉండగానే పోండి. వెలుతురు బయటి నుంచి రావాలి కాబట్టి, చీకటి పడితే ఆ అద్దాల మీద ఏమీ కనబడదు.